తొమ్మిదో ఫలకం

9,611వ రోజు

ధ్వనిగది దినచర్య. రాస్తున్నది జమున, ధ్వనిగది బాధ్యురాలు, వయసు యాభై మూడు, కోపం ఎక్కువ. చివరి సంగతి రాయాలనే నియమం లేదు. ముందు ముందు ఇది చదివేవాళ్లకు తెలిసి ఉంటే మంచిదని రాశాను.

పొద్దున అల్మరా తెరిచేసరికి ఇంకో పద్నాలుగు స్ఫటికాలు విరిగిన పాలలా తెల్లబడి ఉన్నాయి. తెల్లబడిన స్ఫటికంలో ఏమీ మిగలదు. ఒక్కో స్ఫటికం ఒక్కో ఆల్బం. పోయిన నెలలో వారానికి రెండో మూడో పోయేవి, ఇప్పుడు రోజుకు పదికి తగ్గడం లేదు.

"రెండు నెలలక్కా. అంతే," అంది ఫిర్దోస్. ఫిర్దోస్ మా కరెంటు మనిషి. ఆమె నోటి నుంచి మంచి కబురు రావడం అరుదు, చెప్పిన లెక్క తప్పడం అంతకన్నా అరుదు.

కొత్త స్ఫటికాలు ఓడలో రావాలి. ఆఖరి ఓడ వెళ్లిపోయిన రోజు నుంచే ఈ పుస్తకంలో రోజులు లెక్కపెడుతున్నాం, కాబట్టి ఎంతకాలమైందో పైన అంకె చూస్తే తెలుస్తుంది. మాటైనా పాటైనా రాతి ఫలకం మీద గీతలుగా చెక్కితే మాత్రం చెరగదు. చెక్కే వజ్రపు సూది ఒక్కటే మిగిలింది. వైద్య పుస్తకాలు, సొరంగాల పటాలు, విత్తనాల వివరాలు, లాలిపాటలు చెక్కగా ఆ సూదిలో ఇంకా తొమ్మిది ఫలకాల ప్రాణం ఉందని తేల్చారు. ఆ తొమ్మిదీ గాలి చక్రం తిప్పేటప్పుడు పెట్టే ఆల్బంలకు ఇచ్చారు. నా దగ్గరున్న ర్యాప్ ఆల్బంలు రెండు వేల మూడు వందలు. తొమ్మిది ఏరమంటే నా పది వేళ్లలో ఒకటి ఉంచుకుని తక్కినవి కొట్టేయమన్నట్టుంది.

మధ్యాహ్నం గాలిపంపు చక్రం దగ్గర నా గంట పని. పన్నెండు పిడులు, పన్నెండు మంది, నిమిషానికి నలభై తిరుగుళ్లు. ముల్లు నలభై దాటితే ఇరుసు కాగుతుంది, తగ్గితే లోపలి గుహల్లో పసిపిల్లలకు గాలి పల్చబడుతుంది. రాగం తీసే పాట పెడితే చేతులు కూడా రాగం తీస్తాయి. ర్యాప్‌లో మాట వెంట మాట పడుతుంది, మాట వెంట చెయ్యి పడుతుంది. అందుకే మా బాయిలో ఇళ్లకంటే ముందు ఆల్బంలు వచ్చాయని పెద్దలు అంటారు. బాయి అంటున్నాను కానీ మేం తవ్వేది మంచు. మా ముత్తాతలు బొగ్గుబాయి దిగినవాళ్లు, ఆ పిలుపు మాతోపాటు ఈ చందమామ కడుపులోకి వచ్చింది.

పని దిగాక వంటశాలకు వెళ్లాను. వంటశాల సర్దారు మల్కవ్వకు డెబ్బై రెండేళ్లు. గరిటె ముంచే ముందు నాలుకతో రెండుసార్లు ట్చ్, ట్చ్ అంటుంది. ఆ చప్పుడు వింటేనే నాకు ఆకలి వేస్తుంది.

"ఏ పాటలు వెడ్తున్నరు బిడ్డా ఫలకాల మీద?" అని అడిగింది.

"‘తడి రాయి’ పెట్టిస్త అవ్వా. నా పానం వొయినా పెట్టిస్త."

ఆమె గరిటె ఆగింది. "గా బర్రెగొంతు ఎందుకే," అని నా గిన్నెలో పుట్టగొడుగుల పులుసు వేసింది. మామూలుగా వేసేదాంట్లో సగం వేసింది.

9,613వ రోజు

ఇవాళ వాదన మొదలైంది. పద్ధతి అందరికీ తెలిసిందే, రేపు ఎవరైనా కాదంటే సాక్ష్యంగా ఉంటుందని రాస్తున్నాను. సభగుహలో మొదటి ఓడతో వచ్చిన పాత చక్రం ఉంది. పంపుతో దాని సంబంధం ఎప్పుడో తెగిపోయింది కానీ దాని ముల్లు నిజమే చెబుతుంది. పన్నెండు సొరంగాలకు పన్నెండు పిడులు. ఆల్బం తరఫున మాట్లాడేవాళ్లు తమ సొరంగం పిడి పట్టుకుని, చక్రం తిప్పుతూనే మాట్లాడాలి. పక్కన ఆ ఆల్బం మోగుతుంటుంది. నచ్చిన సర్దార్లు వచ్చి తమ తమ పిడులు పట్టుకుంటారు. మాట్లాడేవాళ్ల ఊపిరి అయిపోయేలోపు పన్నెండు మందీ వచ్చి, ముల్లు నలభై మీద నిలబడితే ఆల్బం గెలిచినట్టు. కూర్చున్న చోటి నుంచి గొప్పలు చెప్పేవాళ్ల మాటకు మా దగ్గర విలువ లేదు.

"నాలుగో గేటు" రెండు నిమిషాల్లో గెలిచింది. దాన్ని కాదన్నవాళ్లకు ఆ రోజు అన్నం పుట్టదు. "ఎర్ర టిఫిన్ డబ్బా" కూడా గెలిచింది. ఇద్దరు అక్కాచెల్లెళ్లు డబ్బాలో ఆఖరి ముక్క ఎవరు తిన్నారని ఆల్బం పొడవునా పోట్లాడుకుంటారు, చివరిదాకా తేలదు. "పద్దెనిమిదో మలుపు"లో బీటే లేదు, కండక్టరు విజిల్ ఒక్కటే, అయినా ముల్లు నలభై మీద నుంచి వెంట్రుకవాసి కదలలేదు. "కరెంటు పోయిన గల్లీ" దగ్గర గొడవైంది. మొదటి ఐదు పాటలు బంగారం. ఆరో పాట నుంచి తమ కార్ల గురించే చెప్పుకుంటారు, కారంటే ఏమిటో మా పిల్లలకు బొమ్మ గీసి చూపాల్సి వచ్చింది.

"సగం బంగారమైతే సగం రాయి చెక్కుదామా?" అన్నాను.

"నువ్వు కుండెడు అన్నంల ఒక్క రాయి చూసి కుండ పారబోసే రకం జమునక్కా," అన్నాడు ఇస్తారి. ఇస్తారి పంపుల సొరంగం సర్దారు. నాకంటే ఐదేళ్లు చిన్న, నోరు నాకంటే పదేళ్లు పెద్ద. ఆ ఆల్బం గెలిచింది, ఇస్తారి మాట వల్లే గెలిచింది.

అలా సాయంత్రం పనివేళకు ఎనిమిది తేలాయి. తొమ్మిదోదానికి నేను లేచాను. వంటశాల సొరంగం పిడి పట్టుకున్నాను, ధ్వనిగది ఆ సొరంగంలోనే ఉంది.

"తడి రాయి" మా బాయిలోనే పుట్టిన ఒకే ఒక్క ఆల్బం. నలభై ఒక్క ఏళ్ల కిందట ఎవరో ఏడో బోరు దగ్గర, డ్రిల్లు యంత్రానికుండే రికార్డు పెట్టెలో పాడి, పేరు రాయకుండా ధ్వనిగది గుమ్మం ముందు పెట్టి వెళ్లారు. చీటీ మీద నా గురువు రాసింది ఇప్పటికీ ఉంది: పేరు తెలియదు, మగ గొంతు. సభలో మొదటిసారి పెట్టినరోజు జనం పొట్టలు పట్టుకుని నవ్వారట. ఆ గొంతు అంత బరువు, అంత నిదానం. దాని మీద చక్రం తిప్పితే ముల్లు ముప్పై దాటదు. స్ఫటికాన్ని పిల్లల ఆటబొమ్మల పెట్టెలో పడేశారు. అక్కడే నాకు దొరికింది.

నాకు పన్నెండేళ్లప్పుడు మంచు కూలి నేను రెండో అడ్డసొరంగంలో ఇరుక్కుపోయాను. తొమ్మిది గంటలు చీకట్లో ఒక్కదాన్నే. నా జేబులో చిన్న ప్లేయరు, అందులో ఆ ఒక్క ఆల్బం. ఆ గొంతు లేకపోతే నేను భయానికే చచ్చిపోయేదాన్ని. అందులో ప్రతి మాటా నాకు నోటికి వచ్చు.

చక్రం తిప్పుతూ ఇదంతా చెప్పాను. ముగ్గురు సర్దార్లు వచ్చారు, అందులో ఇద్దరు నా మీద జాలితో వచ్చారు. ముల్లు ముప్పై.

"మనసున్నది గని ముల్లు లేదక్కా," అన్నాడు ఇస్తారి. ఎగతాళిగా అనలేదు, అదే నాకు ఎక్కువ మండింది. "ఈ పాట మీద నడిపిస్తే పిల్లలకు గాలి అందదు. గొప్ప ఆల్బం అంటే ముందు మనిషిని బతికియ్యాలె."

నన్ను బతికించింది కదరా అందామనుకున్నాను. అప్పటికే ఊపిరి అయిపోయింది.

తర్వాత అతను తన "ఇనుపకంచె" కోసం తిప్పాడు. మంచి ఆల్బమే, కాదనను. పదకొండు పిడులు నిండాయి. మల్కవ్వ మాత్రం లేవలేదు. పొయ్యి మీద పులుసు ఉందని వెళ్లిపోయింది. నా ఆల్బానికీ లేవలేదు, అతని ఆల్బానికీ లేవలేదు.

ఏడు రోజుల తర్వాత ఆఖరి వాదన. అప్పుడూ తేలకపోతే తొమ్మిదో ఫలకం మంచు పటాలకు పోతుంది.

9,616వ రోజు

"తడి రాయి" స్ఫటికం అంచు తెల్లబడింది. నకలు తీయడానికి ఖాళీ స్ఫటికం లేదు, గెలవకపోతే ఫలకం రాదు.

పోయేలోపు తనివితీరా విందామని పెట్టుకున్నాను. మూడో పాట మధ్యలో, వెనకెక్కడో పనిగంట మోగుతుంది. వెయ్యిసార్లు విన్న గంటే అది. అదే క్షణంలో బయట సొరంగంలో మా పనిగంట కూడా మోగింది. రెండూ పక్కపక్కన వినడం ఇదే మొదటిసారి. బయటిది సన్నగా ఖంగుమంది, పాటలోది పెద్ద గుండిగను మొత్తినట్టుంది.

గంట మారిందేమో అనుకున్నాను. ఫిర్దోస్‌ను అడిగాను.

"గంట మొదటి ఓడతోని వచ్చిందే. ఎవ్వలు మార్చలే. నేనే రోజు తుడుస్త."

"మరి పాటలో బొంగురుగ ఎందుకున్నది?"

ఫిర్దోస్ ప్లేయరులోంచి స్ఫటికం తీసింది. "ముల్లు ముప్పై అన్నరు గదా మొన్న," అంది. "నలభై గాదు, ముప్పై. కచ్చితంగ ముప్పై?"

"ఎప్పుడు తిప్పినా ముప్పై."

ఆమె స్ఫటికాన్ని జేబులో వేసుకుని వెళ్లిపోయింది. నా ప్రాణాన్ని అలా జేబులో వేసుకుని పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

9,617వ రోజు

ఫిర్దోస్ తేల్చిన సంగతి: డ్రిల్లు యంత్రం పెట్టె పాటలు పట్టడానికి చేసింది కాదు, రాయి అదురును పట్టడానికి చేసింది. అది సెకనుకు నాలుగు మాటలు రాస్తే మా ప్లేయరు సెకనుకు మూడే చదువుతుంది. అంటే నలభై ఒక్క ఏళ్లుగా మేం ఆ ఆల్బాన్ని ముప్పావు వేగంతో వింటున్నాం. నిదానంగా తిరిగితే గొంతు బరువెక్కుతుంది, గంట బొంగురుపోతుంది, ముల్లు నలభై నుంచి ముప్పైకి దిగుతుంది. డ్రిల్లు పెట్టెలో పాట పాడాలని మా బాయిలో ఆ ఒక్కరికే తోచింది, అందుకే ఇంకే ఆల్బానికీ ఈ గతి పట్టలేదు.

"ఇప్పుడు పెడ్త," అని ఫిర్దోస్ మీట నొక్కింది.

ఆడగొంతు. పదునుగా, తడబాటు లేకుండా, పరుగెత్తే ఆడగొంతు.

రాయి తడిసింది, రాత్రి గాదు పగలు గాదు,
చెయ్యి తడిసింది, చెమట గాదు నీళ్లు గాదు,
ఊపిరి మాదే, ఉప్పు మాదే, చక్రం మేమే తిప్పుతాం,
ఆగితే సచ్చెటోళ్లం గాదు, ఆకాశానికే జెప్పుతాం!

చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన మాటలే. నిదానంగా ఏడుపులా వినిపించినవి ఇప్పుడు సవాలులా వినిపించాయి. నేను ఇన్నాళ్లూ ఓదార్పు అనుకుని పట్టుకున్నది పొగరు. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, ఫిర్దోస్ ఇవేవీ పట్టించుకోకుండా తీగలు చుడుతూ ఉంది.

అప్పుడు ఇంకో సంగతి. ప్రతి చరణానికి ముందు రెండు దెబ్బలు వినిపిస్తాయి. డ్రిల్లు రాయికి తగిలే చప్పుడని మా గురువు చెప్పేవాడు. సరైన వేగంలో అవి దెబ్బలు కావు.

ట్చ్, ట్చ్.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆకలి వేసింది నాకు.

9,618వ రోజు

వంటశాలలో అందరూ తిని వెళ్లేదాకా ఆగాను. మల్కవ్వ గుండిగ తోముతోంది. పక్కన కూర్చుని నేనూ ఓ గిన్నె అందుకున్నాను.

"అవ్వా, ఏడో బోరు కాడ పని జేసినవా నువ్వు?"

"జేసిన. డ్రిల్లు పట్టిన ఆరేండ్లు. గిప్పుడెందుకు?"

"‘తడి రాయి’ నీదే గదా."

తోమడం ఆగలేదు. తోమిన చోటే మళ్లీ తోమింది. "ఎవ్వలు జెప్పిన్రు?" అంది.

"నువ్వే జెప్పినవ్. పులుసు వోసే ముందు రోజు రెండుసార్లు జెప్తవ్."

అప్పుడు చెప్పింది. ఆ కాలంలో సభగుహలోని పాత చక్రమే గాలి ఇచ్చేదట. దాన్ని తిప్పుతూ తిప్పుతూ ఆ మాటలు కట్టిందట. ముందు వినిపించి, నచ్చాక లేచి నేనే అని చెబుదామని పేరు రాయలేదట.

"సభల వెట్టిన్రు. అందరు నవ్విన్రు. నేను గూడ ఇన్న. బర్రె నెమరేసినట్టు ఉన్నది." గుండిగలో నీళ్లు పారబోసింది. "రికార్డుల సొంత గొంతు ఎవ్వలికైనా ఏరే తీర్గనే ఇనవడ్తదంటరు గద బిడ్డా. అప్పటిదాంక నా గొంతు నేను బయటికెల్లి ఇన్లే. ఓహో, లోకానికి నేను గిట్లనే ఇనవడ్తున్ననా అనుకున్న. మల్ల నోరు తెర్వలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. చచ్చిపోయిన గురువు మీదా, డ్రిల్లు పెట్టె మీదా, నవ్వినవాళ్ల మీదా, అందరి మీదా మండింది.

"అది నీ గొంతు గాదవ్వా. మా ప్లేయరు తప్పు. నలభై ఒక్క ఏండ్ల తప్పు. ఇగో, రా, ఇను."

"నేను రాను."

"మరి మొన్న ఇస్తారి పాటకు పిడి ఎందుకు పట్టలే?"

"పడితె నాది పూరాగ సచ్చిపోతది గద." చేతులు కొంగుకు తుడుచుకుంది. "నాది అని పట్టనీకె సిగ్గు. ఇంకోలది పట్టనీకె మనసొప్పలే. పో బిడ్డా, గిన్నెలున్నయ్."

"నాకు పన్నెండేండ్లప్పుడు మంచు కింద వడ్డప్పుడు తొమ్మిది గంటలు నా పక్కపొంటి కూసున్నది ఎవ్వలనుకున్నవ్? నువ్వే." లేచి నిలబడ్డాను. "నువ్వు రాకున్నా మంచిదే. నేను మాత్రం తిప్పుత."

నేను వచ్చేశాను. గిన్నె కడగడం మరిచిపోయి చేతిలో పట్టుకునే వచ్చాను.

9,620వ రోజు

చక్రం తిప్పి అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా ఇవాళే రాయాలి.

సభగుహ నిండిపోయింది. మొదట ఇస్తారి తిప్పాడు. మళ్లీ పదకొండు. మల్కవ్వ ఆఖరి వరుసలో గరిటె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వచ్చింది, అంతే చాలనుకున్నాను.

నేను పిడి పట్టుకున్నాను. "ఇన్నేండ్లు మనం దీన్ని తప్పు వేగంల ఇన్నం," అన్నాను. "తప్పు పాటది గాదు, మన ప్లేయరుది. నేను మాట్లాడ. మీరే ఇనుండ్రి." ఫిర్దోస్ మీట నొక్కింది.

మొదటి చరణం పడేసరికి గుహలో గుసగుసలు ఆగిపోయాయి. రెండో చరణానికి ఎవరో చప్పట్లు అందుకున్నారు. సర్దార్లు ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చారు. నలుగురు, ఆరుగురు, తొమ్మిది మంది. ముల్లు నలభై మీద కొట్టిన మేకులా నిలబడింది. ఆ చక్రం కోసం కట్టిన పాట ఆ చక్రాన్ని ఇన్నాళ్లకు కలుసుకుంది. పదిమంది. మిగిలింది ఇస్తారి, మల్కవ్వ.

నాలుగో పాట మధ్యలో స్ఫటికం తెల్లబడింది.

ముందు గరగర, తర్వాత ఏమీ లేదు. ఫిర్దోస్ ప్లేయరు మీద చెయ్యి వేసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆల్బం పోయింది. ముల్లు ముప్పై ఎనిమిది, ముప్పై ఐదు. నాకు ప్రతి మాటా నోటికి వచ్చని ఇదివరకే రాశాను కదా, నోరు తెరిచాను. ఊపిరి లేదు. ఒక్క మాట రాలేదు. ముప్పై రెండు.

ట్చ్, ట్చ్.

అందరూ వెనక్కి తిరిగారు.

మల్కవ్వ నడుచుకుంటూ వస్తోంది. గరిటె చేతిలోనే ఉంది. పాట ఎక్కడ తెగిందో అక్కడి నుంచే అందుకుంది. ఒక్క మాట తడబడలేదు, ఒక్క ఊపిరి తప్పలేదు. ఆ గొంతుకు ఇప్పుడు గరుకు వచ్చింది, పదును మాత్రం పోలేదు. నా చేతి మీద చెయ్యి వేసి పిడి తను తీసుకుంది. నేను పక్కకు జరిగి గోడకు ఆనుకున్నాను. ముల్లు లేచింది. ముప్పై ఐదు, ముప్పై తొమ్మిది, నలభై.

పాట చివర రికార్డులో లేని చరణం ఒకటి వచ్చింది. అది అప్పుడే అక్కడే కట్టింది.

మగోడన్నరు, మట్టన్నరు, నవ్విన్రు నా ముంగట,
నలభై ఏండ్లు నంజుకు తిన్న నా మాటే నా పంట,
గొంతు నాదే, గరిటె నాదే, గని నిండిన గాలి నాదే,
మల్కి నేను! ఇగ ఇనుండ్రి, ఏడో బోరు డ్రిల్లు నాదే!

గుహలో ఎంత గోల పుట్టిందంటే పైన మంచు కూలుతుందేమోనని ఫిర్దోస్ తల ఎత్తి చూసింది.

ఇస్తారి కదలలేదు. అందరూ అతన్నే చూస్తున్నారు. అతను వస్తే "ఇనుపకంచె" పోతుంది. వాళ్ల నాయన చావు మంచం మీద విన్న ఆల్బం అది, నాకు తెలుసు, ఎవరికీ చెప్పడు. చివరికి లేచి వచ్చి మల్కవ్వ ముందు నిలబడ్డాడు. ఆమె చక్రం తిప్పుతూనే ఉంది.

"అవ్వా, ఇన్నేండ్లు ఒక్కసారి గూడ బయటికి పాడలేదా?"

"లేదు బిడ్డా."

"మరి ఒక్క మాట మర్వలేదు?"

"నోట్ల ఉన్నది యాడికి వోతది?"

అతను తల ఊపి తన పిడి పట్టుకున్నాడు. పన్నెండు. ముల్లు నలభై.

చక్రం ఆగాక ఇస్తారి అందరి వైపు తిరిగాడు. కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటి ఇస్తారిదే. "తొమ్మిది ఆల్బంలు రాయి మీదికి పోయినయ్. తక్కినయి గాజు స్ఫటికాలల్లనే ఉన్నయ్, గాజు ఆగదు. రేపట్నుంచి చక్రం కాడ ఒక్కొక్కలు ఒక్కొక్క ఆల్బం నోటికి పట్టాలె. నేను ‘ఇనుపకంచె’ పడ్త. మూడు పాటలు ఇప్పటికే వచ్చు."

"ఆఖరి మూడు పాటలు సప్పగుంటయ్ రా, అయి ఇడిచిపెట్టు," అన్నాను. ఉండబట్టలేక అన్నాను.

"నీ నోట్ల మన్నువడ," అన్నాడు ఇస్తారి నవ్వుతూ.

వాదన మళ్లీ మొదలైంది. ఎవరు ఏది నోటికి పట్టాలి, ఏది గొప్పది, ఏది సొల్లు. ఇప్పుడు చోటు తొమ్మిదికే కాదు, మా బాయిలోని మూడు వందల పది నోళ్లకు. జనం పనిగంట మోగినా కదలలేదు. పాటలన్నీ నోళ్లలోనే ఉంటే నా ఉద్యోగం పోతుందేమో అనిపించింది, అంత సంతోషంగా ఎప్పుడూ అనిపించలేదు.

9,622వ రోజు

రికార్డు లేదు కాబట్టి తొమ్మిదో ఫలకానికి మల్కవ్వ మళ్లీ పాడాలి. నిన్న పొద్దంతా పాడింది. ఈసారి ధ్వనిగదిలో, పాడుతుండగానే ఫలకం మీద చెక్కే సరైన పెట్టెలో. ఫిర్దోస్ వేగాన్ని మూడుసార్లు సరిచూసింది. నిన్నటి పులుసు ఇస్తారి వండాడు. ఆ విషయం గురించి ఇంతకన్నా రాయను.

చెక్కడం పూర్తయ్యేసరికి సూది మొన అరిగిపోయింది. పాత చీటీ తీసి చించేశాను. కొత్త చీటీ రాయడానికి, పేరెలా రాయమంటావని అడిగాను.

"మల్కమ్మ, డ్రిల్లరు. అంతే."

"వరుసలో తొమ్మిదోది అని రాయాలె అవ్వా, చెక్కిన లెక్కల."

"తొమ్మిదోదా?" గరిటె లేకపోయినా ఉన్నట్టే చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "ఎవ్వలన్నరు తొమ్మిదోదని?"

నేను వరుస రాయలేదు. తర్వాతి తరంవాళ్లు కొట్టుకుచావనీ.

ఫలకాన్ని ప్లేయరు మీద పెట్టి మీట నొక్కాను. మల్కవ్వ కుర్చీ అంచున కూర్చుంది, రెండు చేతులూ ఒళ్లో బిగించి. పరీక్షకు వచ్చిన పిల్లలా ఉంది. ట్చ్, ట్చ్ వినిపించింది. గొంతు మొదలైంది. ఆమె కదలకుండా మొదటి చరణం విన్నది, రెండోది విన్నది. మూడో పాటలో, నిన్న రికార్డులో పడ్డ పనిగంట సన్నగా ఖంగుమన్నప్పుడు ఆమె పెదాలు కదిలాయి.

"గిది నేనే," అంది.

"నువ్వే అవ్వా."

పాట అయిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా ప్లేయరు వైపే చూస్తూ అంది.

"ఇంకోపారి వెట్టు బిడ్డా."

పెట్టాను.